మునసబు కోర్టు గోడకు సిమెంటు పూయకండి

సంపాదకులకు,

అయ్యా,

గోదావరి డెల్టాలో ఒక్కో పాత తాలూకా ఊళ్ళో కోర్టులు పాత భవనం ఖాళీ చేసి కొత్త కాంప్లెక్సుల్లోకి మారుతున్నాయి. వెనక మిగిలిన పెంకుటి కట్టడానికి రెండే గతులు పడుతున్నాయి. శిథిలమైంది కనక కూల్చమనే కాగితం ఒకటి, ప్లాస్టరింగు చేసి రంగులు వేయమనే ఎస్టిమేటు ఇంకొకటి. రెండోది చూడ్డానికి దయగానే ఉంటుంది. కానీ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయడమంటే మొదటి కాగితానికి దారి వేయడమే. అదెలాగో, బదులుగా ఏం చేయాలో మీ పాఠకులకూ, ఎస్టిమేట్లు రాసేవారికీ చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు ఆ పేరు సంగతి. మునసబు అంటే ఇప్పటివాళ్ళకు గ్రామ మునసబే గుర్తొస్తాడు, అదీ 1984 జనవరిలో ఆ పదవి రద్దు కాకముందు చూసినవాళ్ళు చెబితే. కోర్టు మునసబు వేరు. శాశ్వత శిస్తుతోపాటు 1802లో మద్రాసు ప్రభుత్వం జిల్లా కోర్టులు పెట్టింది. దూరాభారం వల్ల, దావాలు కుప్పలు పడడం వల్ల అవి చాల్లేదు. థామస్ మన్రో కమిషన్ సలహా మీద 1816లో వరసగా రెగ్యులేషన్లు వచ్చాయి. నాలుగోది గ్రామ మునసబుకు, అయిదోది గ్రామ పంచాయతీకి, ఆరోది జిల్లా మునసబుకు. అంటే ఇద్దరు మునసబులూ ఒకే ఏడాది పుట్టిన అన్నదమ్ములు. తమ్ముడికి 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం స్థిరమైన చోటిచ్చింది. పైన జిల్లా జడ్జి, మధ్యలో సబ్ జడ్జి, కింద జిల్లా మునసబు. ఆ చట్టం కింద మొదట్లో మునసబు 2,500 రూపాయల విలువ దాకా దావాలు వినేవాడు. ఇప్పుడాయన్ని జూనియర్ సివిల్ జడ్జి అంటున్నాం. ఊళ్ళో పెద్దలకు మాత్రం అది ఇంకా మునసబు కోర్టే.

ఈ కోర్టుల మీద బోర్డులు మారినన్నిసార్లు గోడలు మారలేదు. నరసాపురం తాలూకానే చూడండి. 1859లో ఏర్పడ్డ గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో భీమవరం, తణుకు, ఏలూరు, యర్నగూడెంలతో పాటు కృష్ణా జిల్లాలో కలిసింది. నగరం లంక ఒక్కటీ వశిష్ఠ పాయకు తూర్పున గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. 1925లో పశ్చిమ గోదావరి పుట్టింది. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ జిల్లాల గీతలు గీశారు. అప్పీళ్ళు వెళ్ళే హైకోర్టు కూడా 1954లో మద్రాసు నుంచి గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019 జనవరి 1న అమరావతికి వచ్చింది. ఇన్ని మారినా వాది ఎక్కే మెట్లు మాత్రం అవే.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవ నీరు అందాక భూమికి విలువ వచ్చింది, విలువతోపాటు వ్యాజ్యమూ వచ్చింది. పొలానికి నీరు తెచ్చే బోదె హక్కు, గట్టు తగాదా, లంక కోతపడి మేట వేరేచోట వేస్తే ఆ మేట ఎవరిదన్న పేచీ, ప్రోనోటు, తాకట్టు, అన్నదమ్ముల పంపకం. డెల్టాలో మునసబు కోర్టుకు ఏనాడూ పని కరువు లేదు. కోర్టు కట్టడానికి సరుకు వచ్చిందీ ఆ కాలవల మీదే. డెల్టా ఒండ్రు నేల, తవ్వితే రాయి తగలదు. రాయి కావాలంటే ధవళేశ్వరం గుట్టల వైపు పోవాలి. అందుకే మెట్లకు, గడపలకు, దూలం కూర్చునే దిమ్మకు మాత్రమే రాయి వాడి, తక్కినదంతా స్థానికంగా కాల్చిన ఇటుకతో కానిచ్చారు. టేకు మన్యం నుంచి గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగేది. సున్నం మాత్రం సముద్రం ఇచ్చింది. తీరంలో, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఏరిన గుల్లల్ని కాల్చి చేసిన గుల్ల సున్నం. సరుకు పడవలో వచ్చి గట్టున దిగేది. చాలా ఊళ్ళలో పాత కచేరీ, కోర్టు, సబ్‌జైలు కాలవ గట్టు దగ్గర ఒక వరసలో కనిపించడానికి ఇదీ ఒక కారణమే.

భవనం వయసు చెప్పే శిలాఫలకం లేకపోతే పెంకు తిప్పి చూడండి. మన వాడుకలో బంగాళాపెంకు అనే మంగుళూరు పెంకును మొదట బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి చేశారు. పెంకు వెనక ఫ్యాక్టరీ పేరు, ఊరు అచ్చు పడి ఉంటాయి. ఆ పెంకు ఉందంటే కనీసం ఆ కప్పు 1865కి ముందుది కాదు. అంతకుముందు గూనపెంకు ఉండి ఉండొచ్చు, గోడలు ఇంకా పాతవి కావచ్చు. ఇనుప గర్డరు ఉంటే దాని నడుం మీద డోర్మన్ లాంగ్ లాంటి ఇంగ్లండు మిల్లు పేరు పోతపోసినట్టు లేచి ఉంటుంది. ఆ కంపెనీ 1875లో మొదలైంది. ఇలాంటి గుర్తులన్నీ రంగు వేసేవాళ్ళు గీకేయకముందే ఫొటో తీసుకోవాలి.

ఇక నమూనా. మన మండువా లోగిలిలో వెలుగూ గాలీ ఇంటి నడిబొడ్డున దిగుతాయి. కోర్టు అందుకు తిరగేసిన బొమ్మ. నడుమ ఎత్తయిన హాలు, చుట్టూ వసారా, వసారా మూలల్లో గదులు. ఆ వసారా కేవలం ఎండకోసం కట్టింది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ అయిదో ఆర్డరు 20వ రూలు ప్రకారం ప్రతివాది దొరక్కపోతే సమను నకలు కోర్టు భవనంలో అందరికీ కనబడే చోట అతికించాలి. ఇరవై ఒకటో ఆర్డరు 54వ రూలు ప్రకారం స్థిరాస్తి జప్తు అయితే అక్కడ టముకు వేయించి, నకలు ఆస్తి మీదా, తరవాత కోర్టు భవనం మీదా అంటించాలి. అంటే ఆ వసారా గోడ చట్టం దృష్టిలో ఒక పత్రం. వానకు తడవకూడదు, లోపలికి రాలేని మనిషికీ కనబడాలి. హాలుకు మూడు వైపులా తలుపులు పెట్టిందీ ఇందుకే. విచారణ జరిగే చోటు బహిరంగ న్యాయస్థానమని, పట్టినంతమంది జనం రావచ్చని కోడ్‌లోని 153-బి సెక్షను చెబుతుంది. లోపల పట్టనివాళ్ళు వసారాలో నిలబడి వింటారు, బంట్రోతు పిలుపు అక్కడికి చేరుతుంది. ఇవాళ వసారా కిటికీలకు అల్యూమినియం అద్దాలు బిగించి ఏసీ పెడితే ఆ పిలుపు బయటికి రాదు, లోపలి చెమ్మ బయటికి పోదు.

హాలు గోడలో పైన, తలుపుల నెత్తిన, చిన్న గవాక్షాలుంటాయి. వేడిగాలి వాటిలోంచే పోతుంది. కొన్నిచోట్ల వాటి పక్కనే గోడకు పిడికెడంత రంధ్రం, అందులో కొయ్య కప్పీ కనిపిస్తాయి. కరెంటు రాకముందు కప్పుకు వేలాడే గుడ్డ పంఖా తాడు ఆ కన్నంలోంచి వసారాలోకి వచ్చేది, లాగేవాడు అక్కడ కూర్చునేవాడు. ఎలుకలు వస్తున్నాయని దాన్ని సిమెంటుతో పూడ్చేస్తున్నారు. జాలీ ముక్క కొడితే సరిపోయే పని.

అసలు నమూనాలో ముద్దాయి బోను ఉండదు. చాలామంది గమనించని విషయమిది. మునసబుది సివిల్ కోర్టు, క్రిమినల్ కేసులు తాలూకా కచేరీలో సబ్ మేజిస్ట్రేటు దగ్గర నడిచేవి. 1974 ఏప్రిల్ 1న అప్పటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమల్లోకి వచ్చాక చాలాచోట్ల మునసబే మేజిస్ట్రేటు కూడా అయ్యాడు. అప్పుడు హాల్లో రెండో బోను దిగింది, వసారా మూల ఒకటి కటకటాల గది అయింది, ప్రాసిక్యూటరుకు ఇంకో మూల పోయింది. కనక ఒక పాత కోర్టులో వసారాకు అడ్డంగా కట్టిన సన్నటి గోడలు కనబడితే అవి అసలు కట్టడంలో భాగం కావని అనుమానించవచ్చు. వాటిని తీసేస్తే భవనానికి నష్టం లేదు, గాలి తిరిగి వస్తుంది. తీసేముందు పైన దూలం ఏదైనా దాని మీద ఆనిందేమో చూసుకోవాలి, అంతే.

రికార్డు గది సంగతి వేరే. మందపాటి గోడ, చిన్న కిటికీ, ఇనప తలుపు. అగ్గికి భయపడి కట్టింది, కానీ డెల్టాలో కాగితానికి అగ్గికన్నా చెమ్మా చెదలూ ప్రమాదం. 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం కింద గడువు తీరిన కట్టలు తీసేయాల్సి ఉన్నా, చాలాచోట్ల అవి గోడకు ఆనించి పేర్చి ఉంటాయి. గోడకూ బీరువాకూ జానెడు, నేలకూ కింది అరకూ ముప్పావు అడుగు ఖాళీ లేకపోతే ఎంత మందు కొట్టినా చెద ఆగదు.

ఇప్పుడు గోడ. బయటి గోడ సాధారణంగా రెండిటుకల మందం, సుమారు 18 అంగుళాలు. ఇటుక ఇవాళ్టి చిమ్నీ ఇటుకంత గట్టిది కాదు. మెత్తగా, నీళ్ళు పీల్చేదిగా ఉంటుంది. కట్టుబడి గానుగ సున్నంతో. సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి ఎద్దుల గానుగలో రాతి చక్రం కింద నలిపిన ముద్ద అది. నేల లోంచి చెమ్మ ఇటుక సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. పునాదిలో చెమ్మ ఆపే పొర అప్పట్లో ఉండేది కాదు. డెల్టా దిగువన ఆ చెమ్మలో ఉప్పు కూడా ఉంటుంది. పాత గోడ దీన్ని ఆపడానికి ప్రయత్నించలేదు, పోనిచ్చింది. సున్నపు పూత గాలి ఆడే పూత కనక చెమ్మ రెండు మూడడుగుల ఎత్తులోనే బయటికి ఆరిపోతుంది. ఉప్పు పూతలోనే పొంగి, పూత రాలుతుంది. రాలడం దాని పని. కొన్నేళ్ళకోసారి ఆ అడుగు భాగం పూత గీకి కొత్తది వేస్తే లోపలి ఇటుక క్షేమం.

దాని మీద సిమెంటు పూసినప్పుడు జరిగేదిది. చెమ్మ బయటికి రాలేక పైకి ఎక్కుతుంది. నాలుగడుగుల దాకా సిమెంటు పూస్తే తడి మరక అయిదారడుగుల్లో కనిపిస్తుంది. అప్పుడు ఇంకాస్త ఎత్తుకు పూస్తారు, మరక ఇంకా పైకి పోతుంది. ఉప్పు ఇక పూత వెనక, ఇటుక లోపలే గడ్డకడుతుంది. ఇటుక పిండి పిండి అవుతుంది. వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. ఒకరోజు సిమెంటు పలక ఇటుక ముఖాన్ని పట్టుకునే ఊడిపడుతుంది. పైన పటారం లోన లొటారం అన్నది ఈ గోడకు అతికినట్టు దేనికీ అతకదు. అప్పుడు ఎవరో వచ్చి ఇటుక పుచ్చిపోయిందని, భవనం వయసు అయిపోయిందని రాస్తారు. వయసుకు ఇందులో పాత్ర లేదు. ఎమల్షన్ పెయింట్లు, వాటర్‌ప్రూఫ్ రసాయనాలు, గోడ కింద భాగానికి అంటించే నున్నటి టైల్సు కూడా చేసేది ఇదే పని, కాస్త నెమ్మదిగా.

ఇంకో శత్రువు రోడ్డు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో అర అడుగు వేస్తున్నారు. మొదట్లో వరద నీరు ఎక్కకుండా నడుం ఎత్తున లేపిన కోర్టు అరుగు ఇప్పుడు చాలాచోట్ల రోడ్డుకు సమానం, కొన్నిచోట్ల పల్లం. ఆవరణ చెరువవుతోంది. దానికి విరుగుడుగా గోడ మొదలుదాకా పేవర్ బ్లాకులు పరిస్తే నేల తడి ఆరే దారి లేక గోడలోకే ఎక్కుతుంది. గోడ చుట్టూ రెండు మూడు అడుగుల వెడల్పున మట్టి తీసి, అరుగు పైమట్టానికి కనీసం అడుగు కిందికి దింపి, కింద వాలు కాలవ, అందులో 40 ఎం.ఎం. కంకర వేసి, నీటిని ఆవరణ బయటి డ్రైనుకు అందించాలి. మరమ్మతు మొదలవ్వాల్సింది ఇక్కడ. పూత పని దీని తరవాత.

బీటల విషయంలో తొందర పనికిరాదు. నల్లరేగడి ఎండాకాలం కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే బీట మే నెలలో తెరుచుకుని భాద్రపదానికి మూసుకోవడం మామూలు. వేసవి సెలవుల్లో కోర్టు ఖాళీ కదా అని అప్పుడే దాన్ని గట్టి సిమెంటుతో నింపితే, నేల ఉబ్బినప్పుడు ఆ ముక్క మేకులా పనిచేసి పక్కన ఇంకో బీట పుట్టిస్తుంది. బీటకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటించి తేదీ వేసి ఏడాది చూడండి. గాజు పగలకపోతే ఆ బీట పాతది, సున్నంతో నింపితే చాలు. పగిలితే ముందు కారణం వెతకాలి. చాలాసార్లు ఆ కారణం గోడకు పదడుగుల్లో ఉన్న నిద్రగన్నేరు, లేదా కారుతున్న కుళాయి గొట్టం.

కప్పులు రెండు రకాలు. హాలు మీద ఎక్కువగా పెంకు, గదుల మీద మద్రాసు టెర్రస్ అనే సున్నపు డాబా. బంగాళాపెంకు నూరు చదరపు అడుగులకు సుమారు 150 పడుతుంది, విరిగేవాటికి పదో వంతు అదనం. పాత పెంకు దించినప్పుడు పారేయకండి. వేలితో కొడితే ఖంగుమనేది మంచిది, బొద్దుగా మోగేది పగిలింది. ఒక రోజు నీళ్ళలో నానేస్తే ఎండు బరువులో అయిదో వంతుకన్నా ఎక్కువ తాగేది వద్దు. కొత్త పెంకు అర అంగుళం తేడాతో వస్తుంది. పాతదీ కొత్తదీ ఒక వరసలో కలిపితే తాళం పడదు, ఆ వరసంతా కారుతుంది. అందుకే మంచి పాత పెంకులన్నీ ఏరి ముందువైపు వాలుకు వేసి, కొత్తవన్నీ వెనక వాలుకు వేయాలి. పెంకు ఆనే రీపరు బద్దల మధ్య దూరం పుస్తకంలో చూసి కాదు, ఆ పెంకునే కొలిచి పెట్టాలి. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను లాంటి గాలికి ముందు లేచేది చూరు వరస, ఆ పక్కన అంచు వరస. చూరున రెండు వరసలు, అంచుల వెంబడి ఒక వరస పెంకులను వెనకున్న చెవికి తీగ వేసి రీపరుకు కట్టాలి. కొప్పు పెంకుల కింద సిమెంటు పెడితే ఎండకు పెళుసై బీటేస్తుంది, సున్నం ఇటుకపొడి ముద్ద పెట్టాలి. అటక కింద జిప్సం ఫాల్స్ సీలింగు మాత్రం వద్దు. కారడం కనబడకుండా పోతుంది కానీ ఆగదు. దూలం పుచ్చాక తెలుస్తుంది.

దూలం ముందు పుచ్చేది గోడలో దూరిన కొసనే. టేకు చేవకు చెద అంత త్వరగా పట్టదు, తడి పడుతుంది. సన్నటి డ్రిల్లుతో ఒక కన్నం వేస్తే వచ్చే పొట్టు రంగూ వాసనా సంగతి చెబుతాయి. కొస పుచ్చితే ఆ మేరకు కోసి కొత్త టేకు ముక్క ఏటవాలు అతుకుతో బోల్టులు వేసి కలపాలి, కొస చుట్టూ గోడలో అంగుళం ఖాళీ వదలాలి. దూలాన్ని కాంక్రీటులో మూసేస్తే మిగతాదీ పుచ్చుతుంది.

మద్రాసు టెర్రస్ ఇవాళ కట్టేవాళ్ళు తక్కువ, కాబట్టి దాని పొరలు తెలిసి ఉండాలి. టేకు అడ్డదూలాల మీద ఆరు అంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే పల్చటి ఇటుకలు, నిలువుగా, గది మూలకు మూలగా వరసలు. వాటి మీద మూడంగుళాల ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు. మూడు పాళ్ళు ఇటుక ముక్క, ఒక పాలు కంకర ఇసుక, మొత్తంలో సగం సున్నపు ముద్ద. దాన్ని కొయ్య బాదులతో కనీసం మూడు రోజులు బాదాలి. బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు చల్లుతూ, బాదు ఎగిరి వెనక్కి తన్నేదాకా. పైన రెండు వరసల పల్చటి పెంకు బిళ్ళలు, ఆ పైన సన్నటి గచ్చు. ఇది కారితే మనవాళ్ళు చేసేది పైన ఇంకో అంగుళం సిమెంటు పరచడం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం సిమెంటంటే సుమారు 5 టన్నులు. మూలిగే నక్క మీద తాటికాయ. పైగా సిమెంటు ఎండకు సాగి, ముడుచుకుని పగులుతుంది, ఆ పగుల్లోంచి దిగిన నీళ్ళు సున్నం పొరలో నిలవుంటాయి. చాలా డాబాలు నిజానికి నడిమధ్య కారవు. తూము మూసుకుపోయిన మూలలోనో, పిట్టగోడ మొదట్లో రావి మొక్క వేరు దూరిన చోటో కారతాయి. ముందు తూము తీయండి. రావి మొక్కను పీకితే వేరు లోపలే ఉండి మళ్ళీ వస్తుంది. మొదలు కోసి, కోసిన వెంటనే కలుపు మందు అద్ది, ఎండాక ఆ ఇటుకలు తీసి వేరు లాగి, సున్నంతో తిరిగి కట్టాలి.

పూత పని కాలమానం కోర్టు క్యాలెండరుతో కుదరదనే అందరూ వెనకాడుతున్నారు. కుదురుతుంది. మే సెలవుల్లో పెంకు దించడం, కర్ర పని, చుట్టూ మట్టి తీయడం, సిమెంటు పూత గీకడం చేసుకోవాలి. తడి మరకకు పైన ఇంకో అడుగున్నర దాకా గీకాలి, ఇటుకల మధ్య సందులు ముప్పావు అంగుళం లోతున తోడాలి. గోడను అలా వదిలేయాలి, వానాకాలమంతా. ఉప్పు తెల్లగా పొంగుతుంటుంది, పొడి బ్రష్షుతో దులిపి ఎత్తేయాలి, కడిగితే తిరిగి లోపలికే పోతుంది. అదే మే నెలలో గుంట తవ్వి సున్నం నానేయాలి. నీళ్ళలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్ళు పోయకూడదు, ఎగిరి కళ్ళు పోతాయి. గుంటలో ముద్ద మూడు నెలలు మాగితే వెన్నలా దిగుతుంది. తుపానుల రోజులు గడిచాక, కార్తీకం చివర నుంచి మాఘం దాకా, కోర్టు నడుస్తుండగానే ఒక్కో గోడ చొప్పున పూయొచ్చు. ఒక పాలు సున్నం, ఒక పాలు బాగా కాలిన ఇటుక పొడి, ఒక పాలు గోదావరి ఇసుక. బూడిద కలిసిన ఇటుక పొడి వద్దు, ఉప్పు పర్ర ఇసుక అసలే వద్దు. నీళ్ళు కాలవవి. తీరం దగ్గర బోరు నీళ్ళతో పూస్తే మన చేత్తో మనమే ఉప్పు పోసినట్టు. మొదటి పూత అర అంగుళం, పది రోజులాగి పావు అంగుళం. రెండు వారాలు తడి గోనెపట్టాలు వేలాడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది, అందుకు తడీ కావాలి, టైమూ కావాలి. మే ఎండలో పూస్తే గట్టిపడకముందే ఎండి పొడిగా రాలుతుంది. అది చూసి సున్నం పనికిరాదని అంటారు.

మార్చి 31లోపు బిల్లు పెట్టాలన్న హడావిడే దీనికి అడ్డం. త్వరగా గట్టిపడాలని ఒక తట్ట సిమెంటు కలిపేస్తారు. పూసిన రెండో రోజు మేకుతో గీస్తే సున్నపు పూత గీత పడుతుంది, సిమెంటు కలిసిందైతే పడదు. ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాసే ముందు ఈ మేకు పరీక్ష రాయించుకుంటే చాలు. ఎస్టిమేటులో సున్నం పనికి వేరే ఐటెము, వేరే గడువు పెట్టాలి. గుంటలో సున్నం మాగే మూడు నెలలను కాంట్రాక్టరు ఆలస్యంగా లెక్కవేయకూడదు.

కూల్చాలనే నిర్ణయానికి వచ్చేవారికి ఒక మాట. భవనం నూరేళ్ళు దాటినంతమాత్రాన చట్టం దాన్ని కాపాడదు. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం కింద ప్రత్యేకంగా నోటిఫై అయితేనే రక్షణ. మునసబు కోర్టుకు ఆ గౌరవం దక్కడం అరుదు. కనక శిథిలమని రాసేముందు మూడు చోట్ల సిమెంటు పూత గీకి లోపలి ఇటుక చూడమని, దూలం కొసలు నాలుగైనా డ్రిల్లుతో పరీక్షించమని అడగాలి. కొలతల నక్షా తీయాలి. గోడల మందం, తలుపుల ఎత్తు, పెంకు అచ్చులు, బెంచీ వేదిక, సాక్షి బోను, న్యాయవాదుల కటకటా, పంఖా కొక్కేలు అన్నీ అందులో ఉండాలి. ఫర్నిచరు వేలం వేసేముందు ఆ బోనూ వేదికా వాటి చోట్లోనే ఉంచితే తరవాత ఏ పనికి వాడినా హాలు హాలుగానే మిగులుతుంది. లోక్ అదాలత్‌కూ, మధ్యవర్తిత్వానికీ ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. రోజూ మనుషులు తిరుగుతారు, తలుపులు తెరుచుకుంటాయి, బరువు పడదు. పట్టుబడిన మోటారు సైకిళ్ళకు దొడ్డిగానో, పాత కట్టలకు గోదాముగానో వదిలేస్తే ఏ సున్నమూ నిలబెట్టలేదు.

వచ్చే మే సెలవుల్లో మీ ఊరి పాత కోర్టుకు నిచ్చెన వేస్తే, గేటు దగ్గర దించిన బస్తాల మీద ఏం రాసుందో ఎవరైనా ఒకరు ఆగి చదవండి.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు తెలిసిన కొందరు ఇంజనీర్లు, మేస్త్రీలు, న్యాయవాదులు,
అమలాపురం, నరసాపురం ప్రాంతాల నుంచి